వన్స్ మోర్!

మా అన్నయ్య ఊరికే ఫోను చేసే మనిషి కాదు. చేశాడంటే ఇంట్లో పెళ్లయినా కుదిరి ఉండాలి, కుదిరింది తప్పిపోయినా ఉండాలి. ఈసారి తప్పిపోయింది.

"నవలలు రాసి ఊళ్లోవాళ్లందరికీ చెబుతుంటావు గదా! మన ఇంట్లోవాడికి కూడా కాస్త బుద్ధి చెప్పు. వాడు చేసే పనేమిటో పెళ్లివారి ముందు నోరు విప్పి చెప్పలేక చస్తున్నా" అన్నాడు.

వాడంటే నా మేనల్లుడు. చదివింది ఇంజనీరింగు. చేసేది డీజే పని. తెనాలిలో బయల్దేరి బాపట్ల, రేపల్లె, సూర్యలంక సముద్రపొడ్డున రిసార్టులు, ఇప్పుడేమో హైదరాబాదు క్లబ్బుల నుంచి కూడా పిలుపులొస్తున్నాయి. అమ్మాయి తండ్రి మర్యాదస్తుడే. కేకలేమీ వెయ్యలేదు. "పెళ్లిలో డీజే పెట్టించమని మా పిల్లే అడుగుతోందండీ, పెట్టిస్తాం. అల్లుడే డీజే అయితే మాత్రం కష్టం" అన్నాడట.

నాకు కోపం రావలసింది పోయి నవ్వొచ్చింది. ఈ మాట మా వైపు కొత్తదేం కాదు. టిక్కెట్టు కొని ముందు వరసలో కూర్చుని, పద్యం పద్యానికీ తల ఊపిన పెద్దమనిషే, ఇంటికొచ్చాక నాటకాలవాడికి పిల్లనిస్తామా అని అడిగేవాడు. బి.ఏ.లో చరిత్ర వెలగబెట్టినదాన్ని కనుక, వాడికి బుద్ధి చెప్పే ముందు ఒకసారి వెనక్కి వెళ్లి చూసొద్దామనిపించింది. తీరిగ్గా ఉంటే మీరూ రండి.

1902వ సంవత్సరంలో రెండు సంగతులు జరిగాయి. ఒకదానికొకటి సంబంధం ఉన్నట్టు అప్పట్లో ఎవరికీ తెలియదు. సెప్టెంబరులో బాపట్లలో స్థానం నరసింహారావుగారు పుట్టారు. నవంబరులో కలకత్తాలో ఒక హోటలు గదిలో గౌహర్‌జాన్ అనే గాయని పెద్ద బాకాలో మొహం పెట్టి పాడింది. మన దేశంలో పేరుమోసిన గాయనీగాయకుల గొంతు ప్లేటుకెక్కటం అక్కణ్ణించి మొదలైందని చెప్పుకోవచ్చు. పాట చివర ఆవిడ తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. అది గొప్పకి కాదు లెండి. ఆ పలకలు ఓడెక్కి జర్మనీలో హనోవరు దాకా వెళ్లాలి. అక్కడ ప్లేట్లు పోసేవాళ్లకి పాడిందెవరో తెలియాలి గదా! 1908కల్లా కలకత్తాలోనే ఫ్యాక్టరీ వెలిసింది. ప్లేటుకి కావలసిన లక్క మన అడవుల్లోదే.

ఇక బాపట్ల సంగతి. 1920లో ఆ ఊళ్లో హరిశ్చంద్ర నాటకం వేస్తుంటే చంద్రమతి వేషం వెయ్యవలసినాయన రాలేదు. పద్దెనిమిదేళ్లు సరిగా నిండాయో లేదో తెలియని నరసింహారావుగారు ముందుకొచ్చి ఆ చీర కట్టారు. ఆ తరవాత తెనాలి రామవిలాస సభలో చేరి, సత్యభామ, చిత్రాంగి, మధురవాణి, రోషనార అయ్యారు. ఆయన చీరకట్టు చూసి ఆడవాళ్లు నేర్చుకున్నారని మా అమ్మమ్మ అనేది. రంగూన్ దాకా వెళ్లి ఆడొచ్చారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. 1971లో పోయారు. రాని మనిషి చోట నిలబడిన కుర్రాడు అంత దూరం వెళ్లాడన్నమాట!

ఆ రోజుల్లో కాంట్రాక్టు నాటకాలని ఉండేవి. ఒక ఊరి కృష్ణుణ్ణి, ఇంకో ఊరి సత్యభామని, మరో ఊరి అర్జునుణ్ణి రాత్రికింత అని మాట్లాడుకుని రప్పించేవాళ్లు. తెనాలి పక్కన సుద్దపల్లిలో పుట్టిన కల్యాణం రఘురామయ్యగారు అట్లా ఎన్ని ఊళ్లు తిరిగారో! వేలు నోట్లో పెట్టి ఆయన ఈలతో రాగం తీస్తే ఊరు ఊరంతా లేచి కూర్చునేది. అందుకే ఈలపాట రఘురామయ్య అయ్యారు. పొన్నూరు దగ్గర బ్రాహ్మణకోడూరు నుంచి మాధవపెద్ది సత్యంగారు కూడా నాటకాల్లో పద్యాలు పాడుకుంటూనే పైకొచ్చారు. 1957లో ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు భోజనం ముందు కూర్చుని పాడే పాట ఆయన గొంతే. ఆ సినిమా తీసిన చక్రపాణిగారిది తెనాలే. ఇప్పటి డీజేని క్లబ్బువాళ్లు రాత్రికింత అని పిలవటం చూస్తే నాకు ఆ కాంట్రాక్టు నాటకాలే గుర్తొస్తాయి. సామాను మారింది. రాత్రి బండెక్కి తెల్లవారి దిగటం మారలేదు.

నాటకంలో పద్యం బాగుంటే జనం ‘వన్స్ మోర్’ అని అరిచేవాళ్లు. ఇంగ్లీషు అక్షరమ్ముక్క రాని రైతు కూడా ఆ రెండు మాటలూ తప్పు లేకుండా అనేవాడు. చచ్చిపోయిన పాత్ర లేచి పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోయేదని మా తాతయ్య చెప్పి నవ్వేవాడు. అంతసేపూ పద్యం సాగేది, రాగం సాగేది, రాత్రీ సాగేది.

గ్రామఫోను ప్లేటు వచ్చి ఆ సాగటాన్ని కత్తిరించింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలు, మహా అయితే నాలుగు. అరగంట రాగం తీసే మహానుభావుడు కూడా ఆ కొలతకి ఒదగవలసిందే. సినిమా పాట ఇవాళ్టికీ నాలుగైదు నిమిషాల్లో ముగుస్తోందంటే ఆ లక్క ప్లేటు నేర్పిన అలవాటే కాబోలు. ఇంట్లోవాళ్లు మాత్రం ఊరుకున్నారా? పాట అయిపోగానే ముల్లెత్తి మళ్లీ మొదట్లో పెట్టారు. వన్స్ మోర్ నాటకంలోంచి మన నట్టింట్లోకి వచ్చింది.

ఈ కత్తిరింపుని మళ్లీ కుట్టింది ఎవరనుకున్నారు? అమెరికాలో ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడు. అసలు పేరు క్లైవ్ క్యాంప్‌బెల్. పుట్టింది జమైకా ద్వీపంలో, 1955లో. అక్కడ మన మైకు సెట్ల లాంటివే ఉన్నాయి. పెద్ద పెద్ద స్పీకరు పెట్టెలు బండికెక్కించుకుని వీధుల్లోనూ మైదానాల్లోనూ పాటలు పెట్టేవాళ్లు. పన్నెండేళ్లప్పుడు న్యూయార్కు వచ్చాడు. 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో వాళ్లుండే మేడ కింది హాల్లో వాళ్ల చెల్లెలు పార్టీ పెట్టింది. ఎందుకంటే బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవాలట! ఆడపిల్లలకి 25 సెంట్లు, మగపిల్లలకి 50. పాటలు పెట్టే పని అన్నది.

జనం ఎప్పుడు గంతులేస్తున్నారో ఆ కుర్రాడు కనిపెట్టి చూశాడు. పాడేవాడు ఆగి, వట్టి డప్పులు మోగే చోట. అది కాసేపే ఉంటుంది. అందుకని ఒకే ప్లేటు రెండు తెచ్చి రెండు పెట్టెల మీద పెట్టాడు. ఒకదాంట్లో ఆ ముక్క అయిపోగానే రెండోదాంట్లో అదే ముక్క. ఈలోగా మొదటిది వెనక్కి తిప్పి సిద్ధం. చూశారా, వన్స్ మోర్! హిప్‌హాప్ అని ప్రపంచమంతా తిరుగుతున్న సంగీతానికి ఆ హాలునే పురిటిల్లుగా చెప్పుకుంటారు. కూల్ హర్క్ అని పేరు తెచ్చుకున్న ఆ కుర్రాడు తన ప్లేట్ల మీది కాగితాలు నీళ్లలో నానబెట్టి ఊడదీసేవాడట, పక్కవాడు పేరు చదివి కొనుక్కోకుండా. దానికి ముందు ఏడాదే, 1972లో, బెల్టు లేకుండా మోటారే నేరుగా పళ్లాన్ని తిప్పే టెక్నిక్స్ యంత్రం జపాను నుంచి వచ్చింది. చేత్తో ఆపి వదిలితే చటుక్కున వేగం అందుకుంటుంది. డీజేలకి అది వీణలాంటిదైంది.

మళ్లీ మన ఊరికి వద్దాం. నా చిన్నప్పుడు, 1980లలో, బోసు రోడ్డు వైపు ఒక పాటల కొట్టుండేది. కొట్టాయన తండ్రి మైకు సెట్టు మనిషి. అహూజా ఆంప్లిఫయరు, ట్రంకు పెట్టెడు ప్లేట్లు, కొబ్బరిచెట్టుకి కట్టే రెండు పొడుగాటి బాకాలు ఆయన ఆస్తి. శ్రీరామనవమి పందిళ్లు, పెళ్లిళ్లు, తిరునాళ్లు, ఏదైనా ఆ బాకా కూస్తేనే మొదలైనట్టు. పిల్లల్ని ప్లేట్ల మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’ సంభాషణల ప్లేట్లు ఆయన పెట్టగా పెట్టగా, నాకు ఎక్కాల కంటే ముందు దుర్యోధనుడి మాటలే నోటికొచ్చాయి.

ఆయనకి ఏ వేళకి ఏది పెట్టాలో తెలుసు. తెల్లవారుజామున భక్తి పాట. మగపెళ్లివారు దిగేటప్పుడు హుషారు పాట. అప్పగింతల వేళకి మాత్రం పెళ్లికూతురి తల్లి మొహం చూసి, ఆవిడ తట్టుకునేట్టు ఉందనుకుంటేనే ఏడుపు పాట. 1974లో వెళ్లిపోయే ముందు ఘంటసాలగారు మనకిచ్చిపోయిన భగవద్గీత ఉందే, దాన్ని శుభకార్యాల పెట్టెలో కలవనిచ్చేవాడు కాదు. ఇవాళ వీధిలో ఆ గొంతు వినపడితే ఎవరు పోయారోనని తలుపు తీసి చూస్తున్నాం గదా, అదెంతవరకు వస్తుందో ఆయన ముందే పసిగట్టాడేమో! తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లల పేర్లు చదివేదీ ఆయనే. ఎదురుగా శవం వస్తుంటే ఎంత పెద్దింటి పెళ్లయినా ముల్లెత్తేసేవాడు. ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ కొట్టు మూడు జన్మలెత్తింది. ప్లేట్లు పోయి క్యాసెట్లు వచ్చాయి. అవును, ఢిల్లీ దర్యాగంజిలో పళ్లరసం అమ్ముకునే కుటుంబంలోంచి వచ్చిన గుల్షన్ కుమార్ ప్లేట్లూ క్యాసెట్లూ అమ్మే కొట్టుతోనే మొదలుపెట్టి, 1980లలో చవక క్యాసెట్లతో దేశమంతా నింపేశాడు. ఇంగ్లండులో బర్మింగుహాములో ఓరియంటల్ స్టార్ అని ఒక పాటల కొట్టు ఉండేది. వలస వెళ్లిన మనవాళ్లు ఊరి పాటల కోసం అక్కడికే వెళ్లేవాళ్లు. ఆ కొట్టువాళ్ల సంస్థలోనే బల్లీ సాగూ అనే పంజాబీ కుర్రాడు పాత పాటలకి కొత్త దరువులు కలిపి, 1990ల్లో క్లబ్బుల్లో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. కొట్టు బల్ల దగ్గర నిలబడ్డవాడికి ఒక సౌకర్యముంది. ఎవరు ఏ పాట అడిగారో, వినగానే మొహం ఎట్లా అయిందో చూడగలడు.

మా వాడూ అట్లానే చూశాడు. వాడు ఎనిమిదో తరగతిలో ఉండగా, 2012 ప్రాంతంలో, ఆ కొట్టు మెమరీ కార్డుల్లో పాటలెక్కించే కొట్టయింది. సెలవుల్లో సరదాకి కూర్చున్నాడు. లారీ డ్రైవర్లకి ఒక రకం, కూలికెళ్లే ఆడవాళ్లకి ఒక రకం, కొత్తగా పెళ్లయినవాళ్లకి ఇంకో రకం. వాడికి ఊరు మొత్తం పాటల లెక్కన తెలిసిపోయింది. బాపట్లలో చదివేటప్పుడు కాలేజీ పండగలో పాటలు పెట్టే మనిషి రాకపోతే వీడు ఎక్కాడు. చంద్రమతి వేషం గుర్తుందా? అదే ఊరు!

అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. నేను ఈ చరిత్రంతా చదువుకున్నా గానీ నాకూ లోపల ఒక ముల్లుంది. మూడేళ్ల కిందట మా చుట్టాల పెళ్లి ఊరేగింపులో ఎవరో డీజే పెట్టెల బండి మా పిన్ని ఇంటి ముందే అరగంట నిలిచింది. కిటికీ అద్దాలు గజగజలాడాయి. గుండె జబ్బుతో మంచాన ఉన్న బాబాయి రెండు చెవులూ మూసుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. నేను వెళ్లి చేతులు జోడించి అడిగా. ఆ కుర్రాడు వినపడటం లేదని సైగ చేసి నవ్వాడు. ఆ నవ్వు నేను మరచిపోలేదు. అమ్మాయి తండ్రి కూడా బహుశా అటువంటి నవ్వే ఎక్కడో చూసి ఉంటాడు.

మన దేశంలో 2000లోనే నియమాలు వచ్చాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడు స్పీకర్లు మోగకూడదు. ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్సు, రాత్రి 45 దాటకూడదు. 2005లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. హైదరాబాదు పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలని నిషేధించారు. చెవి లెక్క ఇంకా చిత్రమైనది. 85 డెసిబెల్సు చప్పుడు రోజుకి ఎనిమిది గంటలు ఓర్చుకోవచ్చంటారు. ప్రతి మూడు డెసిబెల్సుకీ ఆ గడువు సగమవుతుంది. 100కి వచ్చేసరికి పావుగంటే!

ఈ లెక్కలన్నీ కాగితం మీద రాసుకుని, బుద్ధి చెబుదామని మొన్న తెనాలి వెళ్లాను. మా వాడు సామాను సర్దుకుంటున్నాడు. రేపల్లెలో రిసెప్షను.

"రా అత్తా, చూసి తిట్టు. చూడకుండా తిడితే నాన్నకీ నీకూ తేడా ఏముంది?" అన్నాడు.

రైల్వే లైను చివరి స్టేషను రేపల్లె. 1916 నుంచీ ఆ పట్టాలు అక్కడే ఆగిపోయాయి. మేము మాత్రం పెట్టెలతో పాటు వ్యానులో వెళ్లాం. దారిలో వాడు తన విద్య చెప్పాడు. ఒక పాట నిమిషానికి నూట పది దెబ్బలు, ఇంకోటి నూట ఇరవై. వేగం సరిచెయ్యకుండా కలిపితే చెరో పక్కకి లాగే ఎద్దుల్ని ఒకే కాడికి కట్టినట్టుంటుందట. అందుకని రాబోయే పాట ముందు తను ఒక చెవిలో వింటాడు. జనం వినేది ఇంకో చెవిలో. రెండూ కలిశాయనుకున్నప్పుడు పాతదాని అడుగు మోత తగ్గించి కొత్తదాన్ని పైకి తెస్తాడు. "వేళ్లతో చేసేది తక్కువ అత్తా. కళ్లతో చేసేదే ఎక్కువ" అన్నాడు.

నిజమే. వాడు యంత్రం వంక చూసింది తక్కువ. ముసలమ్మలు కూర్చున్న వరస వైపున్న పెట్టెని ముందే పక్కకి తిప్పించాడు. పిల్లలు అలిసిపోతే జోరు తగ్గించాడు. పెళ్లికొడుకు నాయనమ్మ కోసం పాత సినిమా పాట ఒకటి పెడితే ఆవిడ కుర్చీలో కూర్చునే చేతులు తిప్పింది. నాకూ కాలు ఊరుకోలేదు, మీ దగ్గర దాచటమెందుకు?

పది కావస్తోంది. కుర్రాళ్లు అప్పుడే ఊపందుకున్నారు. పది నిమిషాల ముందు నుంచీ వాడు పాట పాటకీ కాస్త కాస్త దించుకుంటూ వచ్చి, సరిగ్గా పదింటికి ఆపేశాడు. "వన్స్ మోర్! వన్స్ మోర్!" అని ఒకటే గోల. నా ఒళ్లు ఝల్లుమంది. నూరేళ్ల కిందటి అదే కేక! పెళ్లికొడుకు మేనమామ వచ్చి ఇంకో గంటకి రెండువేలు ఎక్కువిస్తానన్నాడు. మా వాడు వద్దని దణ్ణం పెట్టాడు. ఎవరో కుర్రాడు బూతు మాటన్నాడు. ఒప్పుకున్న డబ్బులో కొంత కోత కూడా పడింది. వాడు మాట్లాడకుండా వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాడు.

నేను రాసుకెళ్లిన కాగితం సంచీలోనే ఉంది.

"ఎవరు నేర్పార్రా నీకిది?" అన్నాను.

"కొట్టు తాతయ్య. పాట పెట్టటం నెల రోజుల్లో వస్తుంది, ఆపటం రావటానికి పదేళ్లు పడుతుంది అనేవాడు. నాకింకా సరిగ్గా రాలేదు. చూశావుగా, తిట్లు తిన్నా" అని నవ్వాడు. ఆ నవ్వు వేరేగా ఉంది.

మర్నాడు అన్నయ్యతో అంతా చెప్పాను. స్థానంవారి దగ్గర్నుంచి రేపల్లె దాకా. పెద్దగా విన్నట్టు లేదు. పేపరు తిరగేస్తూ, "డబ్బు కోశారా? ఎవరా పెళ్లివారు?" అని మాత్రం అడిగాడు. ఇంకో సంబంధం సంగతి ఎత్తబోతే చెయ్యడ్డం పెట్టాడు. బుద్ధి చెప్పటంలో నేను ఫెయిలయ్యానని తేలిపోయినట్టే అనుకున్నా.

నేను బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చాడు. కాసేపు చెప్పులు వెతుక్కుంటున్నట్టు నిలబడి, "హైదరాబాదు ఎప్పుడెళ్తున్నాడటా? ఆ క్లబ్బుల్లో ఏసీ చల్లగా ఉంటుందేమో. ఆ స్వెట్టరు పెట్టుకోమని నువ్వు చెప్పు. నేను చెబితే వినడు" అన్నాడు.